ముస్తఫా నుంచి పబ్జీ దాకా: వీడియో గేముల మీద పడ్డ నిందలు

(తెర మీద: ఆరుబయట వెల్లకిలా పడుకున్న మట్టి దుర్యోధనుడు. చుట్టూ జనం.)

నమస్తే. చిత్తూరు వైపు వాళ్లకు ఈ బొమ్మ చూడగానే అర్థమైపోయి ఉంటుంది. మిగతా వాళ్లకు చెప్తాను. ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. ఆఖరి రోజు పొద్దున దుర్యోధన వధ. మట్టితో చేసిన దుర్యోధనుడు మైదానమంతా పరుచుకుని ఉంటాడు. భీముడి వేషగాడు గద భుజాన వేసుకుని ఆ బొమ్మ మీదికెక్కి పరిగెత్తుతాడు. తొడ మీద ఒక్కటిస్తాడు. లోపల దాచిన ఎర్రనీళ్లు చిమ్ముతాయి. ద్రౌపది వచ్చి ఆ ఎరుపు తలకు రాసుకుని జుట్టు ముడేసుకుంటుంది. ఒకటే ఈలలు.

నాకప్పుడు ఆరేళ్లు. నాయన భుజాల మీద కూర్చుని చూశాను. "బాగా కనపడతా ఉందా రా?" అని ఆయనే మధ్యమధ్యలో అడిగాడు.

అదే నాయన ఇంకో ఆరేళ్లకు తిరుపతి గాంధీ రోడ్డు దగ్గర్లోని ఒక వీడియో గేముల అంగట్లోకి వచ్చి, నా చెవి పట్టుకుని బయటికి లాక్కెళ్లాడు. "తన్నుకోవడం, కాల్చుకోవడం! ఇదేనా నువ్వు నేర్చుకుంటా ఉండేది?"

(తెర మీద: పాత ఆర్కేడ్ పెట్టె, మీటలు అరిగిపోయి ఉంటాయి.)

ఆ అంగడి గురించి కాస్త చెప్పాలి. చీకటిగా ఉండేది. లోపల నాలుగు పెట్టెలు, ఒక ఫ్యాను. రూపాయి బిళ్ల వేస్తే ఒక ఆట. మేం ఆడేది ముస్తఫా. దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ కంపెనీ 1993లో తెచ్చింది. ఆ పేరు మా నోటికి ఎక్కడ తిరుగుతుంది? అందులో ముస్తఫా అనే పాత్ర ఉంది కాబట్టి ఆటే ముస్తఫా అయిపోయింది. మా ఒక్క తిరుపతిలోనే కాదు, దేశంలో చాలా ఊళ్లలో అదే పేరు. కొండ దిగి బస్సుకు టైముందని యాత్రికుల పిలకాయలు కూడా వచ్చేవాళ్లు. గుండుకు పూసిన చందనం ఇంకా ఆరి ఉండేది కాదు, ఆ గుండ్లన్నీ తెర వెలుగులో మెరుస్తా ఉంటే వెనక నిలబడిన మాకు ఆట సగమే కనపడేది.

సరే, నాయన కోపం సంగతి. తన్నుకోవడాలూ కాల్చుకోవడాలూ అన్నాడు కానీ, అసలు విషయం అది కాదు. పాలవాడికి ఇవ్వాల్సిన డబ్బుల్లో నాలుగు రూపాయలు తగ్గాయి. ఆ మాట నలుగురి ముందు అనడానికి ఆయనకు నామోషీ. అందుకని తెర మీద కనిపించిన దెబ్బలాటను పట్టుకున్నాడు.

ఇది మా నాయన ఒక్కడి కథ అనుకున్నాను చాలా ఏళ్లు. తర్వాత వీడియో గేముల మీద జరిగిన గొడవల చరిత్ర చదివితే, ప్రపంచమంతా మా నాయనలే.

(తెర మీద: 1942, న్యూయార్క్.)

వీడియో గేములు పుట్టకముందు పిన్‌బాల్ ఉండేది, బిళ్ల వేసి లోపలి బంతితో ఆడే పెట్టె. న్యూయార్క్ మేయర్ లా గార్డియా 1942లో దాన్ని నిషేధించాడు. పోలీసులు యంత్రాలను పట్టుకొస్తే, పెద్ద సుత్తి పట్టుకుని తనే పగలగొడుతూ ఫొటోలు దిగాడు. ఆయన వాదన సూటిగా ఉండేది: ఇది జూదం, మధ్యాహ్నం తిండికని ఇంట్లో ఇచ్చిన చిల్లరను బడిపిల్లల జేబుల్లోంచి లాగేస్తోంది. మీరు ఒప్పుకోండి, ఒప్పుకోకపోండి, మనిషి డబ్బు గురించి మాట్లాడుతున్నాడని మాత్రం అర్థమవుతుంది.

ముప్పై నాలుగేళ్లు నడిచింది ఆ నిషేధం. 1976లో రోజర్ షార్ప్ అనే అతను నగర పెద్దల ముందు పిన్‌బాల్ ఆడి చూపించాడు. బంతి ఇప్పుడు ఫలానా దారిలో పోతుంది అని ముందే చెప్పి కొట్టాడు. పోయింది. ఇది అదృష్టం కాదు, చేతి నైపుణ్యం అని ఒప్పుకుని నిషేధం ఎత్తేశారు.

సరిగ్గా అదే ఏడాది, ఇంకో కొత్త దెయ్యం దొరికింది.

(తెర మీద: నలుపు తెలుపు తెర. పుల్లల్లాంటి బొమ్మలు అటూ ఇటూ పరిగెత్తుతుంటాయి.)

డెత్ రేస్. ఎక్సిడీ అనే అమెరికన్ కంపెనీ తెచ్చింది. ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. రంగుల్లేవు, ముఖాల్లేవు, మా చెల్లెలు పలక మీద గీసే మనుషుల్లాంటి బొమ్మలు. మీరు స్టీరింగ్ తిప్పుతూ కారుతో వాటిని గుద్దాలి. గుద్దితే కీచుమని ఒక అరుపు, ఆ చోట ఒక సమాధి శిలువ. వాళ్లు మనుషులు కారు, గ్రెమ్లిన్లు, అంటే ఒక రకం దెయ్యాలు అంది కంపెనీ. ఎవరూ నమ్మలేదు. పేపర్లు రాశాయి, టీవీలు చూపించాయి, అక్కడి నేషనల్ సేఫ్టీ కౌన్సిల్ గట్టిగా తిట్టింది. ఇంత గొడవ జరిగితే ఏమవ్వాలి? ఆర్డర్లు పెరిగాయి. గేమ్ ఏంటో తెలియని వాళ్లకు కూడా పేరు తెలిసిపోయింది కదా.

వీడియో గేముల మీద వచ్చిన మొదటి పెద్ద గోల ఇదే. ఇక్కడే లెక్క మారింది. లా గార్డియా చిల్లర చూశాడు. డెత్ రేస్‌ను తిట్టిన వాళ్లు శిలువను చూశారు. అప్పటినుంచి మన కళ్లు తెర మీదనే. బిళ్ల పడే కంత వైపు చూసేవాళ్లు తగ్గిపోయారు.

పూర్తిగా పోయారని కాదు. 1981లో బ్రిటన్ పార్లమెంటులో జార్జ్ ఫోక్స్ అనే ఎంపీ స్పేస్ ఇన్వేడర్స్ లాంటి ఆటలను అదుపు చేయాలని బిల్లు పెట్టబోయాడు. 94 మంది అవునన్నారు, 114 మంది కాదన్నారు. ఇరవై ఓట్ల తేడా! అదే ఏడాది ఫిలిప్పీన్స్‌లో మార్కోస్ ఓటింగు గీటింగు ఏమీ లేకుండా గేమ్ యంత్రాలను దేశం మొత్తం మీద నిషేధించేశాడు. నియంతకు ఉన్న సౌకర్యం అది.

(తెర మీద: 1993, అమెరికా సెనేట్ హాలు.)

ఇక అన్నిటికన్నా పెద్ద పంచాయితీ ఇది. మోర్టల్ కొంబాట్ గురించి మీలో చాలామంది వినే ఉంటారు. ఓడినవాడి తల వెన్నుపూసతో సహా పీకేసే ఆట. అది 1993 సెప్టెంబర్‌లో ఇళ్లలోని టీవీ గేముల్లోకి వచ్చింది. నింటెండో కంపెనీ జాగ్రత్తపడి, రక్తం తీసేసి బూడిదరంగు చెమట పెట్టింది. నిజంగా చెమటే. పిడిగుద్దు పడితే చెమట చిమ్మేది! పోటీ కంపెనీ సెగా తెలివిగా రక్తాన్ని ఒక రహస్య కోడ్ వెనక దాచింది. ఏ, బీ, ఏ, సీ, ఏ, బీ, బీ అని బటన్లు వరసగా నొక్కితే రక్తం బయటికి వచ్చేది. పిల్లల్లో ఆ కోడ్ తెలియనివాడు లేడు. సెగా ఆటే ఎక్కువ అమ్ముడుపోయింది. చెమటను ఎవరు కొంటారు చెప్పండి?

డిసెంబర్ 9న లీబర్‌మన్, కోల్ అనే ఇద్దరు సెనేటర్లు విచారణ పెట్టారు. మోర్టల్ కొంబాట్‌తో పాటు నైట్ ట్రాప్ అనే గేమ్‌ను కూడా చూపించారు. అందులో ఒక ఇంట్లో అమ్మాయిల మీద ముసుగు మనుషులు దాడి చేస్తారు. ఆడేవాడి పని ఆ అమ్మాయిలను కాపాడటం. కానీ ఆ హాల్లో వాళ్లను చంపడమే ఆట అన్నట్టు మాట్లాడారు. నింటెండో తరఫున వచ్చిన హోవర్డ్ లింకన్, ఈ గేమ్ మా యంత్రాల మీద ఎప్పటికీ రాదు అని మాటిచ్చాడు.

2018లో వచ్చింది. నింటెండో స్విచ్ మీద. పాతికేళ్లు నిలబడ్డ మాటే లెండి, రాజకీయాల్లో అయితే గొప్పే.

ఆ విచారణ వల్ల ఒక మంచి జరిగింది. ప్రభుత్వమే చట్టం చేస్తుందేమో అని భయపడి, 1994లో గేమ్ కంపెనీలే కలిసి ఈఎస్ఆర్‌బీ అనే రేటింగ్ బోర్డు పెట్టుకున్నాయి. డబ్బా మీద ఏ వయసు వాళ్లకో అక్షరం వేయడం అక్కడ అట్లా మొదలైంది. ఇంకో చిత్రం: విచారణ జరిగిన మర్నాడే, డిసెంబర్ 10న, డూమ్ అనే కాల్పుల గేమ్ విడుదలైంది. 1999లో అమెరికాలోని కొలంబైన్ స్కూల్లో ఇద్దరు విద్యార్థులు కాల్పులు జరిపినప్పుడు, వాళ్లు డూమ్ ఆడేవాళ్లని నింద దాని మీద కూడా పడింది. అప్పటికి లక్షల మంది ఆడుతున్నారు దాన్ని.

మరి ఆటలకూ హింసకూ సంబంధమే లేదా? నేను గేములు ఆడేవాణ్ణి కాబట్టి "లేదు" అనేస్తే నాకు హాయి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2015లో చెప్పింది మాత్రం వేరు. హింసాత్మక గేములకూ కోపం, దుడుకుతనం పెరగడానికీ సంబంధం కనిపిస్తోంది, కానీ నేరాలకు దారితీస్తాయనడానికి సరిపడా ఆధారం లేదు. 2020లో, హంతకుల నేరాన్ని గేముల మీదికి నెట్టొద్దని మళ్లీ చెప్పింది. అంటే వేడెక్కించే మాట కొంత నిజం, తుపాకీ పట్టించే మాటకు రుజువు లేదు.

2011లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఇదే వచ్చింది. హింసాత్మక గేములను పిల్లలకు అమ్మకూడదని కాలిఫోర్నియా చట్టం చేస్తే, 7–2 తీర్పుతో కొట్టేసింది. జస్టిస్ స్కాలియా ఆ తీర్పులో, పిల్లలకు మనం చెప్పే కథల్లో నెత్తురుకు ఎప్పుడూ కొదవ లేదంటూ గ్రిమ్ సోదరుల కథలను గుర్తు చేశాడు. ఆయన మా ఊరి దుర్యోధన వధ చూసి ఉంటే ఇంకో పేజీ రాసేవాడు.

అన్నట్టు, ఈ గోలను అమ్ముకున్నవాళ్లు కూడా ఉన్నారు. 1997లో కార్లు దొంగిలించే ఆట గ్రాండ్ థెఫ్ట్ ఆటో మొదటిది వచ్చినప్పుడు, తయారీదారులు మ్యాక్స్ క్లిఫర్డ్ అనే ప్రచారకర్తను పెట్టుకున్నారు. పేపర్లలో, రాజకీయ నాయకుల్లో కోపం రగల్చడమే అతని పని. తిట్టించుకోవడానికి డబ్బులిచ్చారు!

(తెర మీద: ఒక ఫోన్‌లో వాట్సాప్ సందేశం, కింద "ఫార్వార్డ్ చేయబడింది".)

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2017 ఆగస్టు. బ్లూ వేల్. పిల్లలను ఆత్మహత్య దాకా నడిపిస్తుందని జనం చెప్పుకున్న ఆన్‌లైన్ చాలెంజ్. మా అక్క కొడుకు క్లాసు గ్రూపులో రోజుకు పది మెసేజులు. నీలం రంగు తిమింగలం బొమ్మ ఉన్న యాప్ కనపడితే వెంటనే తీసేయండి, చేతులు చూడండి, గీతలు ఉన్నాయేమో చూడండి. అక్క రాత్రిపూట టార్చిలైటు వేసి, నిద్రపోతున్న వాడి చేతులు చూసింది. అంత టెన్షన్. కేంద్రం కూడా గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్ లాంటి కంపెనీలకు ఆ లింకులు తీసేయమని రాసింది.

అసలు అట్లాంటి యాప్ ఏదీ లేదు. ఈ భయానికి మూలం 2016లో రష్యాలోని నోవాయా గజెటా పత్రిక రాసిన కథనం, అక్కడి సోషల్ మీడియా గ్రూపుల గురించి. మన దేశంలో జరిగిన ఆత్మహత్యల్లో వేటికీ ఈ చాలెంజ్‌తో సంబంధం ఉందని తేలలేదని, కమిటీ పరిశీలించాక, 2018 జనవరిలో కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. ఆ వార్త మా అక్క గ్రూపులో ఎవరూ ఫార్వార్డ్ చేయలేదు.

తర్వాత పబ్జీ. 2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసులు దాన్ని నిషేధించి, ఆడుతున్న కాలేజీ కుర్రాళ్లను అరెస్టు చేశారు. ఇక్కడ కూడా ఇంటింటా అదే తిట్టు. చివరికి 2020 సెప్టెంబర్ 2న కేంద్రం 118 యాప్‌లను ఆపేసింది, వాటిలో ఇదీ ఒకటి. అమ్మలంతా సంబరపడ్డారు. కానీ ఆ ఉత్తర్వులో పిల్లల చదువు గురించి ఒక్క ముక్క లేదు. గల్వాన్ ఘర్షణ తర్వాత దేశ సార్వభౌమత్వం, రక్షణ, జనం డేటా, అంతే. మరుసటి ఏడాదే అదే ఆట బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చేసింది. తుపాకులు అవే.

అదే 2020 సెప్టెంబర్‌లో మన రాష్ట్రంలో ఇంకోటి జరిగింది. ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ నిషేధిస్తూ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించారు. రమ్మీలో రక్తం లేదు, తుపాకీ లేదు. పైగా అది ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పి ఉంది, అదీ మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే. కంపెనీలు ఆ మాటను గొడుగులా పట్టుకుని చాలా ఏళ్లు నడిచాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆ గొడుగు లాగేసింది. నైపుణ్యమైనా అదృష్టమైనా, డబ్బు పెట్టి డబ్బు కోసం ఆడేది ఆన్‌లైన్‌లో కుదరదంది. లా గార్డియా వాదన, ఎనభై మూడేళ్ల తర్వాత.

కానీ ఆ చట్టం డబ్బు గెలవాలని ఆడే ఆటలను పట్టుకుంటుంది. గెలిచేది డబ్బు కాకపోతే? లూట్ బాక్స్ అంటారు. పెట్టె కొంటావు, లోపల ఏముందో తెరిచేదాకా తెలీదు. డబ్బు పెట్టి కొనే అట్లాంటి పెట్టెలు జూదమేనని బెల్జియం గేమింగ్ కమిషన్ 2018లో తేల్చింది. చాలా దేశాల్లో ఇంకా అమ్ముతూనే ఉన్నారు.

పోయిన వేసవిలో మా అక్క బ్యాంకు మెసేజులు చూసుకుంటే ఆరు వేల నాలుగొందలు లేవు. నలభై తొమ్మిది, తొంభై తొమ్మిది, మళ్లీ నలభై తొమ్మిది, అట్లా పోయాయి. చిన్నోడు. రంగురంగుల జంతువులను పెంచుకునే గేమ్. మూడేళ్ల పైబడిన వాళ్లెవరైనా ఆడొచ్చని రాసి ఉంది దాని మీద. "కాల్చుకునేవి వద్దని నేనే ఇది ఎక్కించి ఇచ్చాను" అని అక్క తల పట్టుకుంది.

ఇంట్లో అందరూ వాడి మీద పడితే, నాయన మాత్రం గమ్మున ఉండి, కళ్లజోడు పెట్టుకుని ఫోన్ తీసుకున్నాడు.

"ఇందులో ఎవుర్నీ కొట్టరా?"

"లేదు తాతా. పెట్టె తెరిస్తే బొమ్మ వస్తుంది."

"ఏ బొమ్మ?"

"తెలీదు. ఏదో ఒకటి."

"ఏదొస్తుందో తెలీకుండా ముందే డబ్బులు తీసుకుంటాడా వాడు?" అని నాయన ఫోన్ వెనక్కి తిప్పి చూశాడు, బిళ్ల వేసే కంత ఎక్కడుందో వెతుకుతున్నట్టు.