దించుకున్నవాడే పంచినవాడు

నెల్లూరు ట్రంకు రోడ్డు మొబైల్ షాపుల వారికీ, హాస్టళ్లు నడిపేవారికీ నమస్కారం.

"టారెంటులో పాట దించుకున్నాం, అంతే గదా, ఎవరికీ ఇవ్వలేదే" అంటుంటారు. పొరపాటు అక్కడే ఉంది. టారెంటు ఫైలు ముక్కలు ముక్కలుగా, ఎందరివో కంప్యూటర్లలోంచి వస్తుంది. మీకు ఒక ముక్క చేరగానే, అడిగినవాళ్లకు దాన్ని మీ కంప్యూటరే పంపుతుంది. మ్యూజిక్ కంపెనీలు పట్టుకున్నది ఆ పంపడాన్నే.

అమెరికాలో 1999 డిసెంబరులో పాటలు పంచుకునే నాప్‌స్టర్ అనే సాఫ్ట్‌వేర్‌పై దావా పడింది, 2001 జులైలో అది ఆగిపోయింది. పాటల జాబితా దాని సొంత సర్వర్లలో ఉండేది కాబట్టి ఆపించడం తేలికైంది. తర్వాత వచ్చినవాటికి అలాంటి నడిబొడ్డు లేదు. అందుకే 2003 సెప్టెంబరులో నేరుగా 261 మంది మామూలు మనుషుల మీద కేసులు వేశారు. 24 పాటలకు ఒకావిడ మీద పడ్డ నష్టపరిహారం 2,22,000 డాలర్లు! ఇది అన్యాయమనే మా అభిప్రాయం. 2008 చివర్లో కొత్త కేసులు మానుకున్నారు.

ఐపీ అడ్రసు, అంటే నెట్ కనెక్షన్‌కు ఉండే నంబరు, ఆ కనెక్షన్ ఎవరి పేరున ఉందో చెబుతుంది, కంప్యూటర్ ముందు కూర్చున్నది ఎవరో చెప్పదు. హాస్టల్ వైఫై అయితే నోటీసు యజమానికే వస్తుంది. అందుకే పిల్లలందరికీ ఒకే పాస్‌వర్డు పెట్టకండి, తలా ఒక లాగిన్ ఇవ్వండి. మొబైల్ డేటాలో ఒకే ఐపీని ఒకేసారి చాలామంది వాడుతుంటారు, పోర్టు నంబరు (ఒకే ఐపీలో ఒక్కో కనెక్షన్‌ను వేరుచేసే అంకె), సెకన్లతో సహా టైము ఉంటే తప్ప మనిషి తేలడు. ఆ టైము చాలాసార్లు యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో ఉంటుంది. రాత్రి 8:30కి జరిగింది అందులో మధ్యాహ్నం 3:00. అయిదున్నర గంటలు కలపడం మరిచారా, ఏ పాపం తెలియనివాడు ఇరుక్కుంటాడు. నోటీసు వస్తే ముందు చూడాల్సింది అదే.

మెమరీ కార్డుల్లో డబ్బులకు పాటలు ఎక్కించడం వేరే సంగతి. అక్కడ ఐపీతో పనే లేదు, షాపులో కంప్యూటరే సాక్ష్యం. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ ప్రకారం 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభానికి కాకపోతే కోర్టు శిక్ష తగ్గించవచ్చు, డబ్బు తీసుకున్నవారికి ఆ వెసులుబాటు లేదు. వారంటు లేకుండానే అరెస్టు చేయదగ్గ నేరమని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది.

కస్టమర్ ఫోన్‌లో, అతని ఖాతాతోనే పాటల యాప్ పెట్టి, ఆఫ్‌లైన్‌కు దించి ఇచ్చి కూలి తీసుకోండి. అలా దించిన పాటలున్న మెమరీ కార్డు ఫోన్‌లోంచి తీసి కారు స్టీరియోలో పెడితే పాట పలకదు, ముందే చెప్పండి.