డెన్ హాగ్ బాల్కనీలో ఓలీబోలెన్: పునుగులు వేసే చేతికి ఇదేమంత కష్టం కాదు

అందరికీ నమస్తే. ఇవాళ డిసెంబర్ 31. ఉదయం తొమ్మిది కావస్తోంది, నెదర్లాండ్స్‌లో, ఈ డెన్ హాగ్ (ది హేగ్) ఊళ్ళో మాకు ఇప్పుడిప్పుడే తెల్లారుతోంది. సాయంత్రం నాలుగున్నర దాటితే మళ్ళీ చీకటే. అందుకని వెలుతురు ఉండగానే గబగబా వీడియో తీసేస్తున్నా. చేయబోయేది ఓలీబోలెన్. ఒక్కటైతే ఓలీబోల్, రెండో మూడో అయితే ఓలీబోలెన్. ఓలీ అంటే నూనె, బోల్ అంటే ఉండ. నూనె ఉండలు! పేరు వింటే ఎవరికీ నోరూరదు, నాకు తెలుసు. కానీ ఇవాళ రాత్రి ఈ దేశంలో ఇవి లేని ఇల్లు వెతుక్కోవాలి.

నవంబర్ వచ్చిందంటే స్టేషన్ల ముందు, కూడళ్ళలో ఓలీబోలెన్ కొట్లు దిగుతాయి. మన తోపుడు బండి లాంటివి కావు, రంగు లైట్లు పెట్టిన పెద్ద పెద్ద బళ్ళు. నేను వచ్చిన మొదటి చలికాలం, ఆఫీసు నుంచి వస్తూ దూరం నుంచి చూసి "అరె, పునుగులు!" అనుకుని దాదాపు పరిగెత్తా. కాగితం సంచిలో వేసి ఇచ్చారు. కొరికితే తీపి. లోపల కిస్‌మిస్. పైనున్న పంచదార పొడి నా నల్ల కోటు మీద ముగ్గు పిండిలా రాలింది. పచ్చిమిర్చి కోసం ఎదురుచూసిన నాలుక కాబట్టి ఆ రోజు నచ్చలేదు. రెండోసారి నచ్చింది. మూడో ఏడాది నుంచి ఇంట్లోనే వేస్తున్నా.

సరే, సరుకులు చూద్దాం. (కెమెరా బల్ల మీదకి.)

మైదా అరకిలో. ఇక్కడి సూపర్ మార్కెట్లో "టార్వెబ్లూమ్" అని ఉన్న పాకెట్ తీసుకోండి. దాని పక్కనే, అదే సైజులో, దాదాపు అదే రంగులో "జెల్ఫ్‌రైజెండ్ బాక్‌మేల్" ఉంటుంది. అది వద్దు. అందులో ముందే బేకింగ్ పౌడర్ కలిపేసి ఉంటుంది, కేకులకి పనికొస్తుంది. మనకి పొంగాల్సింది ఈస్ట్‌తో. ఈస్ట్‌ని ఇక్కడ "ఖిస్ట్" అంటారు. గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు అనాలి, అప్పుడే షాపువాళ్ళకి అర్థమవుతుంది. ఏడు గ్రాముల చిన్న పాకెట్ ఒకటి చాలు.

పాలు 450 మిల్లీలీటర్లు. ఇక్కడ ఒక్క నిమిషం. పాలు "మెల్క్". పక్కనే "కార్నెమెల్క్" ఉంటుంది, అది మజ్జిగ. ఇక్కడికి వచ్చిన ప్రతి విదేశీయుడూ ఒక్కసారైనా అది కాఫీలో పోసుకుని ఉంటాడు. నేనూ పోసుకున్నా. మిగతావాళ్ళు పారబోస్తారేమో, మనం మాత్రం ఆ సాయంత్రమే సొరకాయ మజ్జిగ పులుసు పెట్టుకున్నాం.

గుడ్డు ఒకటి. తిననివాళ్ళు మానేసి ఓ రెండు మూడు చెంచాల పాలు ఎక్కువ పోసుకోండి, కాస్త తక్కువ మెత్తగా వస్తాయి, అంతే. బయట కొట్టులో కొనేటప్పుడు మాత్రం గుడ్డు ఉందా అని అడగడం మంచిది, మామూలుగా వేస్తారు. పంచదార ఒక పెద్ద చెంచా, ఉప్పు ఒక చిన్న చెంచా, నిమ్మ తొక్క తురుము కొంచెం. ఎల్‌స్టార్ ఆపిల్ ఒకటి, చెక్కు తీసి చిన్న ముక్కలుగా. కొంచెం పుల్లగా ఉంటేనే బాగుంటుంది. కిస్‌మిస్ 200 గ్రాములు.

పోయినేడు 150 వేశా. కింది ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఉంటారు, డెబ్భై ఎనిమిదేళ్ళు. పేరు పెట్టి పిలవమంటారు, ఇక్కడ అందరూ అంతే, కానీ నాకు నోరు రాదు. ఆంటీ అంటే ఇక్కడ ఎవరికీ అర్థం కాదు. అందుకని "బ్యూర్‌వ్రౌ" అంటా, పొరుగింటావిడ అని. పోయినేడు ప్లేటులో పెట్టి ఇచ్చా. గుమ్మంలోనే నిలబడి ఒకటి కొరికి, నమిలి, "కిస్‌మిస్ తక్కువైంది" అన్నారు. మన దగ్గర ఇంటికి తెచ్చిచ్చిన వస్తువుని ఎవరైనా అలా అంటారా? చప్పగా ఉన్నా "అబ్బ, భలే ఉందమ్మా" అంటాం. వీళ్ళకి ఆ మొహమాటం లేదు. ఆ రాత్రి కొంచెం బాధపడ్డా. తర్వాత తిని చూస్తే నిజమే, తక్కువైంది. అందుకే ఈసారి 200. పదిహేను నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, వంపేసి, గుడ్డ మీద ఆరబెట్టా. తడి ఉంటే నూనెలో చిటపటలాడి చేతుల మీదకొస్తుంది.

ఇక పిండి. పాలు గోరువెచ్చగా చేశా. వేలు పెడితే వేడి తెలిసీ తెలియనట్టుండాలి. మొదటిసారి నేను పొగలు కక్కే పాలు పోశా. వేడికి ఈస్ట్ చచ్చిపోయింది. రెండు గంటలు చూసినా పిండి ఉలకలేదు పలకలేదు, కొట్టుకెళ్ళి కొనుక్కొచ్చాం. పాలలో ఈస్ట్, పంచదార వేసి పది నిమిషాలు వదిలేయండి. పైన ఇలా నురుగు కట్టిందంటే బతికే ఉందన్నమాట.

మైదా మధ్యలో గుంట చేసి ఈ పాలు, గుడ్డు పోసి కలుపుతున్నా. ఉప్పు చివర్లో, అంచుల వెంట. ఈస్ట్ మీద నేరుగా వేయొద్దు. ఇప్పుడు చెక్క గరిటెతో ఐదు నిమిషాలు బాగా కొట్టాలి. గారెల పిండి చేత్తో గిలక్కొడతాం కదా, అలా, ఒకే వైపు. చూడండి, గరిటె ఎత్తితే పిండి తెగిపోకుండా, దారంలా సాగుతూ, బద్ధకంగా కిందకి జారుతోంది. పునుగుల పిండి కంటే జిగురు ఎక్కువ. ఇంతకంటే పలచనైతే నూనెలో తోకలొస్తాయి, గట్టిదైతే లోపల బ్రెడ్డు ముద్దలా ఉంటుంది.

ఇక్కడే ఒక కప్పు పిండి పక్కకి తీసేస్తున్నా. ఎందుకో తర్వాత చెప్తా. మిగతాదాంట్లో ఆపిల్, కిస్‌మిస్, నిమ్మ తొక్క.

ఇప్పుడు అసలు చిక్కు. మన దగ్గర అయితే పిండి గట్టు మీద పెడితే అదే పులుస్తుంది, ఎండాకాలంలో మూత కూడా తోసేస్తుంది. ఇక్కడ మా ఇంట్లో హీటర్ 19 డిగ్రీల దగ్గర ఉంది. కరెంటు బిల్లు గ్యాస్ బిల్లు చూసినవాళ్ళెవరూ అంతకంటే పెంచరు. అందుకని ఓవెన్ లోపల లైటు మాత్రం వేసి, వేడి పెట్టకుండా, గిన్నె మీద తడిగుడ్డ కప్పి లోపల పెడుతున్నా. ఓవెన్ లేకపోతే రేడియేటర్ పక్కన పెట్టండి, మీద కాదు. గంటలో రెట్టింపవుతుంది. ఇడ్లీ పిండికీ నేను చలికాలమంతా ఇదే చేస్తా.

ఈ గంటలో కాసేపు కబుర్లు. ఇక్కడ ఏ నెల నడుస్తోందో క్యాలెండర్ కంటే ముందు సూపర్ మార్కెట్ చెప్తుంది. ఆగస్టు చివర్లో ఇంకా ఎండ ఉండగానే క్రౌట్‌నోటెన్ వచ్చేస్తాయి. గోళీల సైజులో కరకరలాడే మసాలా బిస్కెట్లు. "ఇప్పుడే ఏంటి, ఇంకా మూడు నెలలుంది" అని డచ్ వాళ్ళు ప్రతి ఏడూ విసుక్కుంటారు, విసుక్కుంటూనే రెండు పాకెట్లు బుట్టలో వేసుకుంటారు. అవి డిసెంబర్ 5 సింటర్‌క్లాస్ పండగవి. సింటర్‌క్లాస్ అంటే పిల్లలకి కానుకలు తెచ్చే తెల్లగడ్డం తాత. నవంబర్ మధ్యలో ఆయన స్పెయిన్ నుంచి పడవలో దిగుతాడు. ఆ తర్వాత పిల్లలు రాత్రిళ్ళు బూటు పెట్టి, అందులో ఆయన గుర్రానికి క్యారెట్ పెట్టి పడుకుంటారు. పొద్దున్నకి బూటులో మిఠాయి. మా పాప మొదటి ఏడు ఏడ్చేసింది, బూటులో తినే వస్తువు పెట్టడమేంటని. తప్పు నాదే, గుమ్మం దగ్గర చెప్పులు ముట్టుకుంటే చెయ్యి కడుక్కోమని నేర్పిందే నేను.

ఆ బిస్కెట్లలో ఏం మసాలా ఉంటుందో తెలుసా? దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, అల్లం పొడి, యాలకులు. మొదటిసారి పాకెట్ తెరవగానే మా అమ్మ పోపుల పెట్టె వాసనొచ్చింది. మాది భీమిలి. అక్కడ సముద్రం దగ్గర పాత డచ్ సమాధులున్నాయి, హాలండర్స్ గ్రీన్ అంటారు. చిన్నప్పుడు ఆ రాళ్ళ పక్కనే ఆడుకునేవాళ్ళం, ఆ అక్షరాలు ఏ భాషో తెలియదు. ఇక్కడికొచ్చాక తెలిసింది. మన కోస్తాలో నేసిన బట్టలు ఓడల్లో తీసుకెళ్ళి, ఇప్పటి ఇండోనేషియా దీవుల్లో ఇచ్చి, బదులుగా లవంగాలు, జాజికాయలు కొనేవారట డచ్ కంపెనీ వాళ్ళు. వాళ్ళకి మచిలీపట్నంలోనూ కొట్టు ఉండేది. అంటే ఈ బిస్కెట్ ఖర్చులో మా ఊరి నేతగాళ్ళ వాటా కూడా కొంత ఉందన్నమాట! సరే, ఆ లెక్క ఇప్పుడు ఎవరినడుగుతాం.

మిగతా ఏడాది సంగతి త్వరగా చెప్పేస్తా. ఏప్రిల్ 27 రాజుగారి పుట్టినరోజు, ఊరంతా నారింజ రంగు. ఆ రోజు టోంపూస్ అనే క్రీము కేకు కూడా గులాబీ రంగు మానేసి నారింజ రంగేసుకుంటుంది. ఎలా తిన్నా క్రీము పక్కలనుంచి బయటికొస్తుంది, సిగ్గుపడక్కర్లేదు. జూన్‌లో కొత్త హెరింగ్ చేప. తోక పట్టుకుని తలెత్తి నోట్లోకి దించుకుంటారు, ఉల్లిపాయ ముక్కలతో. నేను చేపల ఊరిదాన్నే కానీ, అది పచ్చిది, ఉప్పులో ఊరిందంతే. ఇంకా ధైర్యం చేయలేదు. ఎవరింట్లోనైనా పాప పుడితే గుండ్రటి రస్కు మీద వెన్న రాసి గులాబీ, తెలుపు పలుకులు చల్లి ఇస్తారు. బాబైతే నీలం, తెలుపు. అవి చక్కెర పూత పూసిన సోంపు లాంటి గింజలు. మన హోటళ్ళలో బిల్లుతో పాటు ఇస్తారే, అచ్చం అవే. ఆఫీసులో మొదటిసారి ఇస్తే, భోజనం ఎక్కడ అని చూశా.

మన సరుకులకి బెంగ లేదు. ఈ ఊరి పెద్ద సంత హాగ్సె మార్క్ట్‌లో సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో కరివేపాకు, బెండకాయ, పచ్చిమిర్చి దొరుకుతాయి. దక్షిణ అమెరికాలో ఒకప్పటి డచ్ వలస సురినామ్ నుంచి వచ్చిన హిందుస్తానీలు ఈ ఊళ్ళో చాలామంది. వాళ్ళ పూర్వీకుల్ని 1873 నుంచి మన దేశం నుంచి ఓడల్లో అక్కడికి కూలీలుగా తీసుకెళ్ళారు, 1975లో సురినామ్‌కి స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో చాలామంది ఇటొచ్చేశారు. వాళ్ళు అమ్మే "బారా" మన గారెకి దగ్గరి చుట్టమే. మనసు బాగోకపోతే నేను నేరుగా అక్కడికే వెళ్తా.

(ఓవెన్ తలుపు తీస్తూ.) ఆ, పొంగింది. చూడండి ఎంతెత్తుకొచ్చిందో, పైన బుడగలు. ఇప్పుడు కలపకండి, ఆ గాలి పోతే ఇంతసేపు ఆగింది దండగ.

వేయించేది బాల్కనీలో. ఇక్కడ చాలామంది తోటలోనో, షెడ్డులోనో వేయిస్తారు. ఎందుకో నాకు మొదటి ఏడే తెలిసింది. వంటింట్లో పెట్టా, కోట్లకి వారం రోజులు నూనె వాసన, పైగా పొగ అలారం మోగి బిల్డింగంతా లేచింది. 2022 జూలై నుంచి ఇక్కడ ప్రతి ఇంట్లో, ప్రతి అంతస్తులో ఆ అలారం ఉండి తీరాలి. ఇండియా నుంచి తెచ్చుకున్న గుండ్రటి అడుగు మూకుడు ఇండక్షన్ స్టవ్ మీద పనిచేయదు, అడుగు చదునుగా ఉన్న లోతైన గిన్నె వాడండి. రెండు లీటర్ల సన్‌ఫ్లవర్ నూనె, గిన్నెలో సగం దాటకూడదు. మూత పక్కనే ఉంచుకోండి. నూనె అంటుకుంటే మూత పెట్టి స్టవ్ ఆపాలి, నీళ్ళు మాత్రం పోయకూడదు.

నూనె 180 డిగ్రీలుండాలి. థర్మామీటర్ లేకపోతే మన పద్ధతే: చిటికెడు పిండి వేస్తే అడుక్కి వెళ్ళి వెంటనే పైకి తేలాలి. ఈ పిండి చేతికి అతుక్కుంటుంది, పునుగుల్లా చెయ్యి తడిచేసుకుని వేద్దామనుకోకండి. రెండు చెంచాలు నూనెలో ముంచి, ఒకదాంతో తీసి రెండోదాంతో తోయాలి. ఒక వాయికి ఐదే. ఎక్కువ వేస్తే నూనె చల్లారి, అవి నూనె పీల్చుకుని పేరు సార్థకం చేసుకుంటాయి. బయట చలిగాలి కదా, ప్రతి వాయికీ నూనె మళ్ళీ కాగేదాకా ఆగండి.

ఇదిగో, ఇది చూడండి. (కెమెరా పట్టుకున్నవారితో) దగ్గరికి తీసుకురా. కింది వైపు వేగాక కొన్ని వాటంతటవే బోర్లా తిరుగుతాయి. తిరగనివాటిని జల్లి గరిటెతో నెమ్మదిగా తోయండి. ఒక్కో వైపు మూడు నిమిషాలు. మొదటిదాన్ని విరిచి చూడాలి... లోపల దూదిలా, ఆపిల్ ముక్క మెత్తబడింది, పచ్చి లేదు. బాగుంది. పైన ఈ ముళ్ళు ముళ్ళుగా వచ్చినవి చూసి దిగులుపడకండి, గుండ్రంగా వస్తేనే అనుమానించాలి. 1652 ప్రాంతంలో ఆల్బర్ట్ కౌప్ గీసిన బొమ్మ డోర్డ్రెక్ట్ మ్యూజియంలో ఉంది, పనమ్మాయి చేతిలో గిన్నె నిండా ఇవే. అవి కూడా వంకరటింకరగానే ఉన్నాయి.

పక్కకి తీసిన కప్పు పిండి ఉంది కదా. అందులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర. చివరి వాయి ఇదే. డచ్ వాళ్ళు చూడకుండా వేసుకోవాలి. మా ఆయన మిగతా ప్లేటు వైపు కూడా చూడరు, ఇవే కావాలి.

తీపివాటి మీద పంచదార పొడి జల్లెడతో, తినేముందే చల్లండి. ముందే చల్లితే కరిగి జిడ్డవుతుంది. రేపటికి మిగిలితే ఓవెన్‌లో 160 డిగ్రీల మీద పది నిమిషాలు. మైక్రోవేవ్‌లో పెడితే రబ్బరే.

నూనె రాత్రంతా చల్లారనిచ్చి, వడకట్టి, అదే సీసాలో పోసి మూత బిగించండి. చాలా సూపర్ మార్కెట్ల దగ్గర పసుపు డబ్బా ఉంటుంది, సీసాతో సహా అందులో వేయాలి. సింకులో పోస్తే గొట్టాలు పూడుకుపోతాయి.

ఇరవై రెండొచ్చాయి. ఆరు ఈ ప్లేటులో పెట్టి కిందికి తీసుకెళ్తున్నా. కెమెరా వద్దులెండి, ఆవిడకి ఇష్టం ఉండదు. ఈసారి దేనికి వంక పెట్టారో వచ్చి కామెంట్‌లో రాస్తా.