పైథాన్ ట్యూటర్ రివ్యూ: ముందు కాగితం, తర్వాతే నెక్స్ట్ బటన్

నమస్తే అండీ. నెల్లూరులో డిగ్రీ పిల్లల్ని అడిగినా, ఒంగోలులో బీటెక్ పిల్లల్ని అడిగినా ఒకటే మాట: "సింటాక్స్ వస్తా ఉంది, లాజిక్కే తట్టడం లేదు." అట్లాంటి వాళ్లకి పైథాన్ ట్యూటర్ ఎంతవరకు పనికొస్తుందో ఇవాళ చూద్దాం.

ఫిలిప్ గువో 2010లో మొదలుపెట్టిన సైట్ ఇది. ఉచితం, లాగిన్ అక్కర్లేదు. పేరు పైథానే గానీ జావా, సీ, సీ ప్లస్ ప్లస్, జావాస్క్రిప్ట్ కూడా నడుస్తాయి. కోడ్ పేస్ట్ చేసి "విజువలైజ్ ఎగ్జిక్యూషన్" నొక్కితే, లైను లైనుకీ ఏ వేరియబుల్‌లో, అంటే విలువ దాచిపెట్టుకునే ఏ పేరులో, ఏముందో బొమ్మ గీసి చూపిస్తుంది.

సైట్ తెరవకముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. లెక్క మన ఊరిదే. నెల్లూరులో పుట్టి అంటే 850 కేజీల వడ్లు. 3000 కేజీలు తూకం వేశారు. ఎన్ని పుట్లు, ఇంకా మిగిలింది ఎంత? భాగహారం గుర్తు వాడకుండా, వైల్ లూప్‌తో, అంటే షరతు నిజమైనంతసేపు అదే పని మళ్లీ మళ్లీ చేసే కోడ్‌తో చేద్దాం.

[స్క్రీన్ మీద కోడ్]

బరువు 3000, పుట్లు 0. బరువు 850 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నంతసేపు, బరువులోంచి 850 తీసెయ్, పుట్లకి ఒకటి కలుపు. అంతే కోడ్.

కాగితం మీద మూడు గడులు గీయండి: షరతు, బరువు, పుట్లు. 3000, తర్వాత 2150, 1300, 450. అక్కడ ఆగింది. 3 పుట్లు, 450 కేజీలు మిగులు. మరి షరతుని ఎన్నిసార్లు చూశాం? మూడు అనేస్తారు చాలామంది. కాదు, నాలుగు. నాలుగోసారి 450 దగ్గర తప్పయింది కాబట్టే బయటికొచ్చాం. ఈ ఒక్క లెక్క చేతికి పట్టుబడితే లూప్‌లంటే సగం భయం పోతుంది.

ఇప్పుడు సైట్‌లో నెక్స్ట్ నొక్కండి, కానీ నొక్కే ముందు తర్వాతి విలువ ఏంటో కాగితం మీద రాయండి. రాయకుండా నొక్కుకుంటూ పోతే సినిమా చూసినట్టే, ఏమీ మిగలదు. ఇంకోటి, బాణాలు రెండుంటాయి. ఆకుపచ్చది ఇప్పుడే నడిచిన లైను, ఎర్రది ఇక నడవబోయే లైను. ఎర్ర బాణం ఉన్న లైను అయిపోయిందనుకుని విలువ ఇంకా మారలేదేందబ్బా అని తికమకపడతారు. మాకు బాగా నచ్చింది మాత్రం ప్రీవ్ బటన్. తప్పు కనపడిన చోటు నుంచి వెనక్కి నడుచుకుంటూ పోవచ్చు.

కావాలని ఒక తప్పు చేద్దాం. "ఎక్కువ లేదా సమానం" బదులు ఉత్త "ఎక్కువ" పెట్టండి. 3000కి జవాబు మారదు, అందుకే ఈ తప్పు దొరకదు. 1700 ఇవ్వండి: 1 పుట్టి, 850 మిగులు అంటుంది! అందుకే ఏ లెక్కకైనా అంచుల దగ్గర పరీక్షించాలి. ఇక్కడైతే 0, 849, 850, 851, 1700.

రెండోది ఒంగోలు లెక్క. పొగాకు వేలంలో అయిదు బేళ్లకి కేజీ ధరలు 242, 260, 231, 255, 248 అనుకోండి. అన్నిటికంటే తక్కువ ధర కావాలి. "తక్కువ"ని 0తో మొదలుపెడితే, 0 కంటే తక్కువ ధర ఏ బేలుకీ ఉండదు గదా, చివరికి జవాబు 0 వస్తుంది. మొదటి బేలు ధరతో, అంటే 242తో మొదలుపెట్టండి. స్టెప్ బై స్టెప్ చూస్తే ఆ 0 కదలకుండా కూర్చోవడం కళ్లారా కనపడుతుంది.

ఇక లోపాలు. 1000 స్టెప్పులు దాటితే ఆపేస్తుంది. 850 తీసెయ్యడం మర్చిపోయి లూప్ ఆగకపోతే అది మంచిదే. కానీ ఇదే పుట్ల కోడ్‌కి 3,00,000 కేజీలిస్తే 352 చుట్లు, చుట్టుకి మూడు లైన్లు, వెయ్యి దాటిపోతుంది. కోడ్ సరైందే, అయినా ఆగుతుంది. తప్పు మీదనుకోవద్దు, చిన్న అంకెలివ్వండి. ఫోన్‌లో అయితే కోడు ఒకపక్క, బొమ్మ ఒకపక్క, వేలితో జరుపుకోలేక విసుగు. ల్యాబ్‌లో గానీ ల్యాప్‌టాప్‌లో గానీ చూడండి.

మా మార్కులు: కంప్యూటర్ మీద అయిదుకి నాలుగున్నర, ఫోన్‌లో రెండు. పెద్ద ప్రాజెక్టు డీబగ్గింగ్‌కైతే, అంటే తప్పులు వెతికి సరిచేయడానికైతే అసలు వద్దు, దాని పని అది కాదు.

హోంవర్క్: అవే బేళ్లలో 231 రెండుసార్లు వచ్చిందనుకోండి. రెండో తక్కువ ధర 231 అనాలా, 242 అనాలా? ముందు అది తేల్చుకుని కాగితం మీద గడులు గీసి, ఆ ఫోటోతో సహా కామెంట్‌లో పెట్టండి. ఉత్త కోడ్ పెడితే చూడం.