అక్షింతల పురుగుకు చుక్కలు వచ్చేదెప్పుడు?

స్క్రీన్ మీద ఉన్న ఈ పసుప్పచ్చ పురుగును చూడండి. వీపు మీద ఒక్క చుక్క లేదు. ఇది ఏడు చుక్కల అక్షింతల పురుగే, ఇప్పుడిప్పుడే ప్యూపా (పిల్ల పురుగు పెద్ద పురుగుగా మారే పెంకు దశ) పగలగొట్టుకుని బయటికొచ్చింది.

వీపును వదిలేసి తల వైపు రండి. తల, దాని వెనకున్న పలక అప్పటికే నల్లగా ఉన్నాయి, ముందు మూలల్లో తెల్ల మచ్చలతో సహా. మొదటి రోజు పురుగు ఏ రకమో తేల్చుకోవాలంటే ఈ పలకే ఆధారం. వీపు రంగు చూసి కొత్త జాతి అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు.

వెనక వేలాడుతున్నవి ఎగిరే రెక్కలు. ఒంట్లోని ద్రవాన్ని వాటిలోకి నెట్టి చాపుతుంది, ఆరాక మడిచి పై రెక్కల కింద దాచేస్తుంది. ఈలోపు వేలు పెట్టారా, మెత్తటి పై రెక్క సొట్టపోయి అలాగే గట్టిపడుతుంది. ఎగిరే రెక్క సరిగా విచ్చుకోకపోతే ఇక ఆ పురుగు నడకకే పరిమితం.

ఇప్పుడు చుక్కలు. కొన్ని గంటల్లో బూడిదరంగు నీడల్లా మొదలై క్రమంగా నల్లబడతాయి. అది మెలనిన్ అనే నల్ల రంగు పదార్థం పని. ఎరుపు మాత్రం అంత తొందరగా రాదు. అది కెరోటినాయిడ్లు అనే పసుపు, ఎరుపు రంగు పదార్థాల వల్ల వచ్చేది. పసుపు నారింజగా, నారింజ ఎరుపుగా ముదరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఒకే మొక్క మీద ముదురు ఎరుపుది, లేత నారింజది కనబడితే, రెండోదే ఈమధ్య పుట్టిందని చెప్పొచ్చు.

ఇదంతా మీరే వీడియో తీయాలంటే తోక వైపు ఆకుకు అంటుకున్న ప్యూపాను వెతకండి. మెల్లగా తాకితే చటుక్కున పైకి లేస్తుంది, అంటే బతికే ఉంది. గుండ్రటి చిల్లు ఉంటే వదిలేయండి, దాన్ని పరాన్నజీవి తినేసింది. ప్యూపాను ఆకు నుంచి ఊడదీయకండి, ఆ పట్టు లేకపోతే పురుగు పెంకులోంచి ఒళ్లు లాక్కోలేదు. కొమ్మతో కత్తిరించి నీళ్లలో పెట్టండి. ఆ కొమ్మ మీద లార్వాలు (పిల్ల పురుగులు) ఉంటే తీసేయండి, అవి ప్యూపానూ తింటాయి.

కెమెరా 30 సెకన్లకో ఫొటో తీసేలా పెడితే 6 గంటలకు 720 వస్తాయి, సెకనుకు 24 చొప్పున అర నిమిషం వీడియో. వైట్ బ్యాలెన్స్ (వెలుతురును బట్టి కెమెరా రంగులను సర్దే సెట్టింగ్) ఆటోలో ఉంచొద్దు. కెమెరా ఫొటోఫొటోకీ పసుపును సర్దేస్తుంటే, మారింది పురుగో కెమెరానో తేల్చలేం. వేడెక్కే బల్బు వద్దు, ఎల్‌ఈడీ చాలు. రెక్కలు మడిచి చక్కగా నడుస్తుంటే పేనుబంక ఉన్న మొక్క మీద వదిలేయండి.