గోడ తగిలితే ఏం చేయాలి?

శ్రోతలందరికీ నమస్కారం.

ఇవాళ మీకు ఒక చిన్న రోబో గురించి చెబుతాను. పేరు పీకోబాట్. కంప్యూటర్ తెర మీద గళ్ళు గళ్ళుగా ఒక గది ఉంటుంది, ఆ గదిలో ఇది ఒక గడి నుంచి ఇంకో గడికి కదులుతూ ఉంటుంది. అంతే దాని ఆకారం, అంతే దాని బతుకు. పాతికేళ్ళుగా బీటెక్ మొదటి సంవత్సరం పిల్లలకు సీ లాంగ్వేజ్‌లో ప్రోగ్రామింగ్ చెబుతున్నాను. మొదటి వారంలో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు.

ఈ పాఠం పుట్టింది హార్వీ మడ్ కాలేజీలో. అమెరికాలో, లాస్ ఏంజెలిస్‌కు తూర్పున క్లేర్‌మాంట్ అనే ఊళ్ళో ఉంది. 1955లో పెట్టారు. ఇప్పటికీ సుమారు 900 మందే చదివే చిన్న కాలేజీ. లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటారు. ఆర్ట్స్ అన్నారు కదా అని బొమ్మలు వేయడం నేర్పుతారనుకోకండి. ఇంజనీరింగ్, ఫిజిక్స్ చదివే పిల్లలు కూడా సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం లాంటివి చదివి తీరాలి. మెయిన్ సబ్జెక్టు ఏదో కాలేజీలో చేరాక, కొన్నాళ్ళు అన్నీ రుచి చూశాక తేల్చుకుంటారు. మన దగ్గర అలా కాదు. ఒక్క ప్రోగ్రాం కూడా రాయని పిల్ల పదిహేడేళ్ళకే కౌన్సెలింగ్‌లో సీఎస్ఈ అని ఆప్షన్ పెట్టేస్తుంది.

సరే, పీకోబాట్ దగ్గరికి వద్దాం.

మా అక్క కూతురికి ఈ మధ్యే సీఎస్ఈలో సీటు వచ్చింది. వచ్చిన రోజు నుంచే టెన్షన్. "పిన్నీ, నాకు కోడింగ్ ఏమీ రాదు, మా ఫ్రెండ్స్ అందరూ అప్పుడే నేర్చేసుకుంటున్నారు" అంటూ ఒకటే గోల. ఒక ఆదివారం హాల్లో కుర్చీలన్నీ జరిపేశాం. కింద టైల్స్ ఉన్నాయి కదా, అవే గళ్ళు. పీకోబాట్‌ని నేను. రూల్స్ రాయాల్సింది మా పిల్ల. నేను ఏ టైలు మీద నిలబడినా సరే, చివరికి గదిలో ప్రతి టైలు మీదా నా కాలు పడాలి. అదీ లెక్క.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. పీకోబాట్‌కి దూరం కనిపించదు. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం, ఈ నాలుగు వైపులా పక్కనే ఉన్న గడిలో గోడ ఉందా, ఖాళీగా ఉందా అన్నంత వరకే తెలుస్తుంది. రెండోది, ఇందాక ఎక్కడెక్కడ తిరిగిందో దానికి గుర్తుండదు. కాగితం మీద ఏం రాసి ఉంటే అదే చేస్తుంది. రాయకపోతే ఆగిపోతుంది.

మా పిల్ల కాగితం తీసుకుని టకటకా రాసింది. పడమర ఖాళీగా ఉంటే పడమరకు వెళ్ళు. పడమర గోడ ఉంటే ఉత్తరానికి వెళ్ళు. సరేనని నడిచాను. పడమర గోడ దాకా వెళ్ళాను, ఉత్తరానికి తిరిగాను, వాయవ్యం మూల టీవీ స్టాండు దగ్గరికి వచ్చి నిలబడిపోయాను.

"ఆగిపోయావేంటి పిన్నీ?"

"ఇక్కడ ఉత్తరాన కూడా గోడే. గోడ తగిలితే ఏం చేయాలి? నువ్వు రాయలేదుగా."

"మూలకి వస్తే దక్షిణానికి రావాలి, అంతే కదా" అని ఇంకో రూలు రాసింది. ఒక టైలు కిందికి వచ్చాను. అక్కడ చూస్తే పడమర గోడ ఉంది. పడమర గోడ ఉంటే ఉత్తరానికి వెళ్ళమని ముందే రాసింది. మళ్ళీ పైకి వెళ్ళాను. మూల వచ్చింది, కిందికి. గోడ ఉంది, పైకి. కిందికి, పైకి. కిందికి, పైకి. మా అక్క వంటింట్లోంచి తొంగి చూసి "మీకేమైనా పిచ్చి పట్టిందా" అంది.

పిల్ల నవ్వు ఆపుకుని కాసేపు కాగితం వైపే చూసింది. తర్వాత నెమ్మదిగా అంది: "నువ్వు పైకి వెళ్ళే పనిలో ఉన్నావో, కిందికి వచ్చే పనిలో ఉన్నావో నీకు గుర్తుండాలి కదా పిన్నీ."

ఆ మాట వినగానే నాకు ఒళ్ళు పులకరించింది. నేను చెప్పలేదు. తనంతట తనే పట్టుకుంది.

పీకోబాట్‌కి ఆ ఒక్క గుర్తూ ఇచ్చారు. ఒక అంకె. దాన్ని స్టేట్ అంటారు. ఇప్పుడు నేను ఏ పనిలో ఉన్నాను అన్నదానికి ఒక అంకె, అంతే. ఇక రూల్స్ చూడండి. సున్నాలో ఉంటే పడమరకు నడువు, గోడ తగిలితే ఒకటికి మారు. ఒకటిలో ఉంటే ఉత్తరానికి నడువు, గోడ తగిలితే రెండుకు మారు. రెండులో ఉంటే దక్షిణానికి నడువు, గోడ తగిలితే ఒక గడి తూర్పుకు జరిగి మూడుకు మారు. మూడులో ఉంటే ఉత్తరానికి నడువు, గోడ తగిలితే ఒక గడి తూర్పుకు జరిగి మళ్ళీ రెండుకు మారు. అంకెకు రెండు రూల్స్ చొప్పున మొత్తం ఎనిమిది.

పత్తి చేలో గుంటక తోలడం చూసిన వాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒక సాలు వెంట గట్టు దాకా వెళ్తారు, పక్క సాల్లోకి తిరుగుతారు, ఈ గట్టు దాకా వస్తారు. చేను మొత్తం అవుతుంది. మా హాలూ అలాగే పూర్తయింది. ఆగ్నేయం మూలలో ఆఖరి టైలు మీద నా కాలు పడగానే మా పిల్ల చప్పట్లు కొట్టింది.

బీటెక్‌లో కొన్ని సెమిస్టర్లు గడిచాక ఆటోమాటా అనే సబ్జెక్టులో ఫైనైట్ స్టేట్ మెషిన్ అని వస్తుంది, అంటే ఇలా కొన్ని స్టేట్ల మధ్య రూల్స్ ప్రకారం మారుతూ పనిచేసే యంత్రం. పిల్లలు హడలిపోయే సబ్జెక్టు అది. అందులో మూలవిషయాన్ని ఈ పిల్ల నేల మీది టైల్స్‌తో, ఒక కాగితంతో గంటలో అందుకుంది.

ఈ పాఠంలో నాకు నచ్చిన గుణం ఇంకోటి ఉంది. పీకోబాట్ భాష బయట ఎక్కడా లేదు. స్కూల్లోనే జావా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్న కుర్రాడికీ అది కొత్తే, కంప్యూటర్ ముట్టుకోని పిల్లకీ కొత్తే. మొదటి వారం ఇద్దరూ ఒకే గీత మీద నిలబడతారు.

ఆ గీత ఎంత ముఖ్యమో ఆ కాలేజీ చరిత్రే చెబుతుంది. 2006లో మరియా క్లావే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త అక్కడ ప్రెసిడెంట్ అయ్యారు. అప్పటికి కంప్యూటర్ సైన్స్ ఎంచుకునే వాళ్ళలో అమ్మాయిలు పది శాతం దగ్గర ఉండేవారు. అక్కడి మాస్టార్లు మొదటి కోర్సునే మార్చేశారు. జావా తీసేసి పైథాన్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాష పెట్టారు. క్లాసును రెండుగా విడదీశారు. ముందే ప్రోగ్రామింగ్ తెలిసిన వాళ్ళు బ్లాక్, కొత్తవాళ్ళు గోల్డ్. కాలేజీ రంగులు అవే, కాబట్టి ఏది ఎక్కువ ఏది తక్కువ అన్న మాటే రాదు. అన్నీ నాకే తెలుసన్నట్టు క్లాసులో అదేపనిగా మాట్లాడే విద్యార్థిని విడిగా పిలిచి, నీ ప్రశ్నలు బాగున్నాయి, వాటి గురించి మనం తర్వాత మాట్లాడుకుందాం అని మర్యాదగా చెప్పేవారు. కొన్నేళ్ళకే అమ్మాయిలు నలభై శాతం దాకా వచ్చారు. 2018లో అక్కడ కంప్యూటర్ సైన్స్ డిగ్రీ అందుకున్న వాళ్ళలో సగం కంటే ఎక్కువ మంది అమ్మాయిలే.

ఇది చదివినప్పుడు నాకు ఒక అమ్మాయి గుర్తొచ్చింది. నేను అప్పట్లో పనిచేసిన కాలేజీలో, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల. ల్యాబ్‌లో పక్క సిస్టమ్ కుర్రాడు పది నిమిషాల్లో ప్రోగ్రాం ముగించి రికార్డు సంతకానికి లేచేవాడు. ఈ పిల్ల అప్పటికి కీబోర్డు మీద సెమికోలన్ ఎక్కడుందా అని వెతుకుతూ ఉండేది. ఒకరోజు అడిగింది: "వాళ్ళందరికీ ముందే వచ్చు కదా మేడమ్, నేను ఎప్పటికి అందుకుంటాను?" ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. ప్రాక్టీస్ చెయ్యమ్మా అన్నాను. ఆ పిల్ల లెక్కల్లో క్లాస్ ఫస్ట్. తనకు రావాల్సింది తెలివి కాదు, ఆరు వారాల టైము. దాన్ని మేం ఇవ్వలేదు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

అందుకని తోటి లెక్చరర్లను ఒకే ఒక్కటి అడుగుతున్నాను. మనం ల్యాబ్ బ్యాచ్‌లు రోల్ నంబర్ల ప్రకారం విడగొడతాం. మొదటి సగం ఒక బ్యాచ్, మిగతా సగం ఒక బ్యాచ్. దానికి బదులు మొదటి రోజు అందరికీ ఒక చిన్న చీటీ ఇవ్వండి. ఇంతకు ముందు ఎప్పుడైనా ప్రోగ్రాం రాశావా? అవును, లేదు. ఆ చీటీని బట్టి బ్యాచ్‌లు చేయండి. సిలబస్ అదే, పరీక్ష అదే. అదనంగా సిస్టమ్స్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. కొత్తవాళ్ళ బ్యాచ్‌లో సెమికోలన్ వెతికే పిల్ల పక్కన ఇంకో సెమికోలన్ వెతికే పిల్ల కూర్చుంటుంది.

నేను మా కాలేజీలో చీటీలు సిద్ధం చేశాను. మొదటి ల్యాబ్ సిస్టమ్స్ ఆన్ చేయకుండానే జరుగుతుంది. నేల మీద సుద్దముక్కతో గళ్ళు గీస్తాం, ఒకరు పీకోబాట్ అవుతారు, ఒకరు రూల్స్ రాస్తారు.

సెలవు. నమస్కారం.