అండవాహిక గోడ మీది చక్కెరలు

అందరికీ నమస్కారం.

ఇంట్లో పాడి ఉన్నవాళ్లు చేతులెత్తండి అంటే ఇందాక సగం హాలు ఎత్తింది. కాబట్టి ఆవు దగ్గరే మొదలుపెడతాను. ఆవు ఎదకొచ్చింది, తీగ వేస్తోంది. పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర వచ్చి, గడ్డకట్టిన వీర్యం నింపిన సన్నని గొట్టం, అదే స్ట్రా, కరిగించి, గన్‌తో గర్భాశయంలో వదిలి వెళ్లాడు. ఆ పావు మిల్లీలీటరు స్ట్రాలో సుమారు 2 కోట్ల వీర్యకణాలు ఉంటాయి. వాటిలో అండవాహిక దాకా, అంటే అండం గర్భాశయానికి వచ్చే గొట్టం దాకా, చేరేవి వేలల్లోనే. అవి కూడా తిన్నగా అండం మీదికి ఉరకవు. వీర్యకణాల పరుగుపందెం బొమ్మ చూసీ చూసీ మనకు అదే నిజమనిపిస్తుంది గానీ, నా దృష్టిలో ఆ బొమ్మ చేసిన నష్టం తక్కువేమీ కాదు. అండవాహిక మొదటి భాగంలోనే అవి ఆగిపోతాయి, గోడకు తలలు ఆనించి గంటల తరబడి అతుక్కునే ఉంటాయి. వాటిని అలా పట్టి ఉంచేవి ఆ గోడ మీది చక్కెరలు.

దీన్ని కంటితో చూడొచ్చు. కబేళా నుంచి తెచ్చిన ఆవు అండవాహికను నిలువునా చీల్చి, లోపొర ముక్కను మైక్రోస్కోప్ కింద పెట్టండి. మడతల మీద మడతలు కనిపిస్తాయి. వాటి అంచుల్లో సన్నని వెంట్రుకల్లాంటి శైలికలు ఆగకుండా కొట్టుకుంటుంటాయి. పైన ఒక బొట్టు ఆంబోతు వీర్యకణాలు వేస్తే, ఈదుకుంటూ వచ్చి తల ముందుకు పెట్టి శైలికల మధ్య దూరతాయి. తల అక్కడే ఇరుక్కుంటుంది, తోక మాత్రం ఆడుతూనే ఉంటుంది.

అక్కడ ఏముంది? లోపొరలోని ప్రతి కణం మీదా ప్రోటీన్లకూ కొవ్వులకూ అతికిన చక్కెర గొలుసులు ఉంటాయి. వాటిని గ్లైకాన్లు అంటాం. గాలక్టోజ్, ఫ్యూకోజ్, సియాలిక్ ఆమ్లం వంటివి రకరకాల వరుసల్లో అల్లుకుని ఉంటాయి. ఇవి ఒంటికి శక్తినిచ్చే చక్కెరలు కావు, ఒక కణం ఇంకో కణాన్ని పోల్చుకోవడానికి పనికొచ్చేవి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో సూసన్ స్వారెజ్ బృందం 1997లో ఆవు విషయంలో ఈ గుట్టు విప్పింది. వీర్యకణాలను ముందే ఫ్యూకోజ్‌లో ఉంచితే అవి గోడకు సరిగా అతుక్కోలేదు. గోడ మీది ఫ్యూకోజ్‌ను ఎంజైముతో కత్తిరించేసినా అంతే. రెండు వైపుల నుంచీ ఒకటే జవాబు రావడం నాకు చాలా నచ్చుతుంది. ఒక్క వైపు నుంచే చూసి ఉంటే అనుమానం మిగిలేది.

జంతువు మారితే చక్కెరా మారుతుంది. హ్యామ్‌స్టర్‌లో సియాలిక్ ఆమ్లం, గుర్రంలో గాలక్టోజ్. పందిలో ఏ గొలుసులు ఈ పని చేస్తాయో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మిల్లర్ బృందం పట్టుకుంది.

మరి ఫ్యూకోజ్‌ను పట్టుకునే చెయ్యి వీర్యకణానికి ఎక్కడిది? వృషణంలో పుట్టినప్పుడు లేదు. వీర్యం బయటికొచ్చే దారిలో శుక్రాశయాల స్రావం కలుస్తుంది. అందులోని పీడీసీ-109 అనే ప్రోటీన్ వీర్యకణాల పైపొరను కప్పేస్తుంది. ఆ పూత లేని వీర్యకణాలు గోడకు అంతగా అతుక్కోవు. ఈ ప్రోటీన్ మీద ఏళ్లుగా పనిచేసిన వాళ్లు మన దగ్గరే ఉన్నారు, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ ముస్తి జె. స్వామి బృందం. ఆయన ప్రయోగశాల లెక్టిన్ల మీద కూడా పనిచేసింది. లెక్టిన్లంటే చక్కెరలను ఎంచి పట్టుకునే ప్రోటీన్లు. మన వేరుశనగ గింజలోనే ఒకటుంది. దానికి మెరిసే రంగు తగిలించి, వీర్యకణం తల మీది టోపీ చెక్కుచెదరకుండా ఉందో లేదో ప్రపంచమంతా చూస్తోంది. అనంతపురం చేలల్లో పండే గింజకు ఇంత పని ఉందని రైతుకు చెబితే నవ్వుతాడేమో!

అతుక్కున్న వీర్యకణం చావకుండా నిలుస్తుంది. వదిలిపెట్టే ఘడియ అండం విడుదలకు అటూ ఇటూ వస్తుంది. ఆడ దేహంలో కొంత సమయం గడపనిదే వీర్యకణానికి ఫలదీకరణ సామర్థ్యం రాదని 1951లో ఎం.సి. చాంగ్, సి.ఆర్. ఆస్టిన్ ఎవరికి వారుగా తేల్చారు. ఆ సామర్థ్యం వచ్చే క్రమంలోనే పీడీసీ పూత ఊడుతుంది, తోక కొరడాలా విసురుగా కొట్టుకుంటుంది, తల గోడను వదిలేస్తుంది. అన్నీ ఒకేసారి కాదు, కొన్ని కొన్నిగా వదులుతాయి. అందువల్లే అండం దగ్గరికి ఒక్క గుంపుగా వెళ్లి పడవు.

గర్భాశయంలోనూ చక్కెరలకు పని ఉంది. మనుషుల్లో పిండం గర్భాశయపు గోడకు తొలిగా ఆనేటప్పుడు, పిండం మీది ఎల్-సెలెక్టిన్ అనే ప్రోటీన్ గోడ మీది చక్కెర గొలుసులను పట్టుకుంటుందని 2003లో వెల్లడైంది. అది వేరే ఉపన్యాసం.

స్ట్రా దగ్గరికి వస్తాను. మైనస్ 196 డిగ్రీల్లో గడ్డకట్టి కరిగిన వీర్యకణాల పైపొర దెబ్బతిని ఉంటుంది. తాజా వీర్యకణాల్లా ఎక్కువసేపు బతకవు. ఎద మొదలైన సుమారు ఒక రోజు తర్వాత గానీ అండం విడుదల కాదు. తొందరపడి ముందే వేయిస్తే అండం వచ్చేసరికి చాలా వరకు చచ్చిపోయి ఉంటాయి. ఆలస్యం చేస్తే అండమే పాతబడుతుంది, దాని ఆయుష్షు కొన్ని గంటలే. పొద్దున ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున అనే లెక్క అందుకే. ఆవు తిరిగి పొర్లిన, అంటే చూడి కట్టక మళ్లీ ఎదకొచ్చిన ప్రతిసారీ స్ట్రా మంచిది కాదనో, వేసినవాడికి చేతకాలేదనో అంటాం. గర్భాశయంలో చీము ఉందా, ఎద ఎప్పుడు మొదలైంది అని అడిగేవాళ్లు తక్కువ. రాత్రి మొదలైన ఎదను పొద్దున చూసి, అప్పుడే వచ్చిందనుకునే ఇళ్లు ఎన్నో.

ఇప్పుడు ఆడదూడలే పుట్టేలా వేరుచేసిన వీర్యం స్ట్రాలు కూడా పల్లెల్లోకి వచ్చాయి. వాటిలో వీర్యకణాల సంఖ్య చాలా తక్కువ. వేరుచేసే యంత్రంలో రంగునూ, లేజర్‌నూ, ఒత్తిడినీ దాటుకుని వచ్చినవి కాబట్టి మరింత అలసి ఉంటాయి. గోడ పట్టి కాపాడే వ్యవధి ఇంకా చిన్నది. కాబట్టి ఆ స్ట్రాను మామూలు కంటే కొన్ని గంటలు ఆలస్యంగా, అండం విడుదలకు దగ్గరగా వేయిస్తే చూడి కట్టే అవకాశం ఎక్కువ.