ఊర చెరువులో మొక్కలు: నాటేది సరే, కోసేదెవరు?

(గోదావరి డెల్టాలోని ఒక గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠం)

సర్పంచ్ గారికి, వార్డు సభ్యులకి, డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్లకి, గోడకి ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్లకి నమస్కారం. ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పుకుని రిటైరైనవాణ్ణి కాబట్టి వెనక బెంచీలవాళ్లని ముందుకి పిలవడం నాకు అలవాటే.

నన్ను పిలవడానికి వచ్చినవాళ్లు ఒకటే మాట అన్నారు: "మాస్టారూ, చెరువు పచ్చగా చిక్కబడిపోయింది, వాసనొస్తోంది, ఏవో మొక్కలేస్తే బాగవుతుందంట." బాగవుతుంది, అందులో అనుమానం లేదు. అయితే ఏ మొక్కలు, ఎక్కడ, ఎన్ని, తర్వాత వాటి సంగతి ఎవరు చూస్తారు అన్నది తేల్చకుండా వేస్తే రెండేళ్లకి చెరువు ఇంకా పాడవుతుంది. అలా పాడైన చెరువులు మీరూ చూసే ఉంటారు.

ముందుగా, మనం మాట్లాడుకునేది మంచినీళ్ల చెరువు గురించి కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారిన తర్వాత, నేల కింద ఉప్పునీళ్లు పడే ఊళ్లన్నీ కాలవనీళ్లు చెరువులో నింపుకుని తాగడం నేర్చుకున్నాయి. ఆ చెరువుకి ఫిల్టర్లున్నాయి, కంచె ఉంది, దాని జోలికి పోవద్దు. మొక్కలు నీళ్లని తేటపరుస్తాయి గానీ తాగేందుకు పనికొచ్చేలా చెయ్యవు. రోగం తెచ్చే సూక్ష్మజీవులన్నిటినీ అవి చంపలేవు. మా అమ్మమ్మ తరం కుండలో చిల్లగింజ అరగదీసి బురద నీళ్లు తేర్చేవాళ్లు. తేరిన నీళ్లన్నీ మంచినీళ్లు కావని ఇప్పుడు మనకి తెలుసు. ఇవాళ్టి మాట ఊర చెరువుది: గేదెలు దిగేది, బట్టలుతికేది, కార్తీకమాసంలో అరటిదొప్పల్లో దీపాలు వదిలేది.

చెరువు ఎందుకు పచ్చబడుతుంది? ఈ ప్రశ్న వేరే జిల్లాలో అడిగితే గంట పాఠం చెప్పాలి. ఇక్కడ సగం మందికి రొయ్యల చెరువులున్నాయి. ఆక్సిజన్ పడిపోవడమంటే ఏమిటో, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్ తెల్లవారుజామున ఆగితే ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. ఊర చెరువులో జరిగేదీ అదే, అక్కడ ఏరియేటర్ లేదు, అంతే. మురుగు కాలవ వెంట సబ్బునీళ్లు, పేడనీళ్లు వస్తాయి. దాళ్వా చేలల్లో, అంటే రబీ వరిలో, చల్లిన యూరియా, డీఏపీ కొంత బోదెలోకి దిగి అటే వస్తాయి. అంటే నత్రజని, భాస్వరం. వీటిని తిని సూక్ష్మమైన నాచు కోట్లకి కోట్లు పుడుతుంది. పగలు ఎండలో అది ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి తనే పీల్చేస్తుంది. మబ్బు పట్టిన రోజుల్లో నాచు గుంపుగా చచ్చిందా, అది కుళ్లేటప్పుడు ఉన్న కాస్త ఆక్సిజనూ పోతుంది. తెల్లారేసరికి చేపలు నోళ్లు పైకి పెట్టి తేలతాయి. చెరువులో ఎవరో మందు కలిపారని తగువులు పడతారు. చాలాసార్లు మందు ఉండదు, నాచుకి మేత ఎక్కువై జరిగిందే.

అందుకని మొక్కల ఉపాయమంతా ఒకటే: ఆ మేత నాచుకి అందకుండా ఇంకెవరైనా తినెయ్యాలి.

ఇదిగో, ఈ బకెట్‌లో తెచ్చాను చూడండి. కుర్రాళ్లూ, ఇద్దరు దగ్గరికి రండి. ఇది వట్టివేరు మొక్క, నేలలో కాదు, నీళ్లమీద తేలే తెప్పలో పెంచింది. వేళ్లు చూశారా, జడలా వేలాడుతున్నాయి. ఒక వేరు రెండు వేళ్ల మధ్య పట్టుకుని లాగండి. జిగురుగా, గోధుమరంగులో పాకుడులాంటిది తగిలిందా? కడుక్కుందువు గాని, ముందు అదేమిటో విను. పని చేసేది ముఖ్యంగా అదే. ఆ జిగురు నిండా బాక్టీరియా. నీళ్లలో మురికిని అవి తింటాయి, అమ్మోనియాని నైట్రేట్‌గా మారుస్తాయి. వాటికి కావలసిన ఆక్సిజన్‌ని మొక్క పైనుంచి కిందకి పంపుతుంది. జమ్ము కాడ అడ్డంగా కోస్తే లోపల గదులు గదులుగా డొల్లగా ఉంటుంది, గాలి దిగే దారి అదే. ఆక్సిజన్ అందని అడుగు బురదలో ఇంకో రకం బాక్టీరియా ఆ నైట్రేట్‌ని మామూలు నత్రజని వాయువుగా మార్చి గాల్లోకి వదిలేస్తాయి. అలా నత్రజని కొంతైనా తన దారిన తాను పోతుంది.

భాస్వరం అలా గాల్లోకి పోదు. ఇక్కడే మనవాళ్ల లెక్క తప్పుతోంది. మొక్క దాన్ని ఆకులోకీ కాడలోకీ లాక్కుని ఉంచుతుంది. మొక్క ఎండి అదే నీళ్లలో పడి కుళ్లిందా, తిన్నదంతా తిరిగి చెరువుకే అప్పజెబుతుంది. చెరువుకి దక్కేది, కోసి గట్టు దాటించిన గడ్డి లెక్క మాత్రమే.

ఒక లెక్క చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. 50 కిలోల డీఏపీ బస్తాలో అసలు భాస్వరం సుమారు 10 కిలోలు. నీటిమొక్కల్లో, బాగా ఎండబెట్టి తూచితే, కిలోకి రెండు నుంచి నాలుగు గ్రాములు భాస్వరం ఉంటుంది. ఒక్క బస్తా ఎరువు చెరువులో చేరితే, దాన్ని మొక్కల ద్వారా బయటికి లాగడానికి ఎండుగడ్డి లెక్కన రెండున్నర నుంచి అయిదు టన్నుల దాకా కొయ్యాలి. పచ్చిది ట్రాక్టర్ల కొద్దీ. నాలుగు తెప్పలు వదిలి ఫొటో దిగి వెళ్లిపోతే ఏమవుతుందో మీరే చెప్పండి.

అందరూ తిట్టే గుర్రపు డెక్క నిజానికి నీళ్లలోంచి నత్రజని, భాస్వరం లాగడంలో మహా గట్టిది. దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన కాలవలన్నీ ఆక్రమించింది. వేసవి వేడికి రెండు వారాల్లో రెట్టింపవుతుంది. అంత తిండి తినబట్టే అంత పెరుగుతోంది. కలకత్తా తూర్పున, ప్రపంచంలో ముఖ్యమైన తడినేలల పట్టీ అయిన రామ్‌సర్ జాబితాకి 2002లో ఎక్కిన తడినేలల్లో, నగరం మురుగుతో చేపలు పెంచేవాళ్లు దీన్ని గట్టు అంచున వెదుళ్ల లోపల కట్టడి చేసి ఉంచుతారు, అలలకి గట్టు కొట్టుకుపోకుండా. వాళ్లకి రోజూ చెరువుమీద పనిచేసే మనుషులున్నారు. మనకి లేరు. కాబట్టి దాన్ని మన చెరువులోకి రానివ్వొద్దు, ఉన్నది లాగి పారెయ్యండి. లాగి గట్టుమీదే కుప్ప వేస్తే మాత్రం దాని రసం మళ్లీ చెరువులోకే కారుతుంది. అవతలకి మోసి కంపోస్టు చెయ్యండి.

మరి ఏం వెయ్యాలి? తెప్పల మీద వట్టివేరు, మెట్టతామర, తుంగ. మనం సాగుచేసే వట్టివేరు సాధారణంగా గింజతో పాకదు, పిలకలు విడదీసి నాటితేనే వస్తుంది, పొరుగు చేలోకి పోతుందన్న భయం లేదు. మెట్టతామర అంటే ఆ ఎర్రపూల, పసుపుపూల మొక్కే, పంచాయతీ ఆఫీసు ముందు ఉంది చూడండి. జమ్ము తెప్పమీద వద్దు, చెరువులోకి అసలే వద్దు. కొల్లేరు అంచున చూసినవాళ్లకి తెలుసు, వదిలేస్తే నీళ్లు కనబడనివ్వదు. దానికి వేరే చోటుంది, చెబుతాను. కలువ, తామర అందంగా ఉంటాయి, నీడపట్టి నాచుని అణుస్తాయి కూడా. కానీ చెరువులో మూడో వంతు మించనివ్వకండి, ఆకు మొత్తం కప్పేస్తే గాలి ఆడదు. తూటికూర కూడా మురికిని బాగా లాగుతుంది, అందుకే ఈ చెరువులోది కోసి వండుకోవద్దు. ఇది అమ్మలక్కలకి ప్రత్యేకంగా చెబుతున్నాను.

తెప్పకి ఖర్చు పెద్దగా లేదు. వెదురు గానీ ప్లాస్టిక్ పైపు గానీ చట్రం, కింద వల, మధ్యలో కొబ్బరి పీచు. కోనసీమ పక్కన పెట్టుకుని పీచు కొనడానికి ఆన్‌లైన్‌లో వెతక్కండి.

హైదరాబాద్ దగ్గర నెక్నాంపూర్ చెరువులో 2018లో ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ ఇలాంటి తెప్పే కట్టింది, 3,000 చదరపు అడుగులది. అప్పట్లో దేశంలో ఇంత పెద్దది ఇదేనని రికార్డు పుస్తకంలోకి ఎక్కింది. వట్టివేరు, మెట్టతామర, జమ్ము, నిమ్మగడ్డి జాతివి, మందారాలు కూడా పెట్టారు. మంచి పని, నేను మెచ్చుకుంటాను. అయితే 3,000 చదరపు అడుగులంటే మన లెక్కలో ఏడు సెంట్లు కూడా నిండదు. ఎకరాల చెరువుని అంత తెప్ప ఒక్కటే శుభ్రం చేస్తుందని ఎవరూ అనుకోకూడదు. లోపలికి వచ్చే మురుగు ఆగకపోతే ఎన్ని తెప్పలైనా చాలవు.

కాబట్టి నా దృష్టిలో అసలు నాట్లు పడాల్సింది చెరువులో కాదు, మురుగు కాలవ చెరువులో కలిసే మూల దగ్గర. కాలవని అక్కడ ఆపి, ముందు ఒక గుంటలో మట్టీ చెత్తా అడుక్కి దిగనిచ్చి, తర్వాత కంకర నింపిన మడిలోంచి పారనివ్వాలి. ఆ మడి నిండా జమ్ము, మెట్టతామర. ఇందాక జమ్ముకి వేరే చోటుందన్నది ఇదే, కంకరలో కట్టేసినట్టు పడి ఉంటుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే మెట్టపంటల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పల్లెల్లో ఇలాంటివి కట్టి, వడకట్టిన నీళ్లు పొలాలకి పారించి చూపించారు.

మనకి ఎంత జాగా కావాలి? ఆ కాలవమీద వంద ఇళ్లున్నాయనుకుందాం, ఇంటికి నలుగురు. ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకి 55 లీటర్లు. మొత్తం 22,000 లీటర్లు. అందులో అయిదింట నాలుగు వంతులు మురుగ్గా వస్తుందనుకుంటే 17,600. ఆ నీళ్లు మడిలో రెండు రోజులైనా నిలవాలి. కంకర మధ్య ఖాళీ నలభై శాతం, లోతు రెండడుగులు వేసుకుంటే దాదాపు నాలుగు సెంట్ల మడి. చెరువు మూల చెత్త పోస్తున్న పోరంబోకు అంతకంటే ఎక్కువే ఉంది, వస్తూ చూశాను. ఇది కాగితం మీద లెక్క. కట్టే ముందు ఇంజనీరు వచ్చి కాలవ వాటం చూడాలి, వానాకాలం వరద పక్కనుంచి పోయే దారి పెట్టాలి, లేకపోతే మొదటి తుపానుకే మడి కొట్టుకుపోతుంది.

గట్టుమీద చెట్ల సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. నీళ్లు ఆపే కరకట్ట మీద పెద్ద చెట్లు వద్దు, వేరు చచ్చి కుళ్లిన దారిన నీళ్లు ఊరి గండి పడుతుంది. లోపలి వాలుకి వట్టివేరు వరసలు వెయ్యండి, మట్టి జారదు. వేపలు, కానుగలు గట్టు అవతల రోడ్డువార వేసుకోండి. రేవు దగ్గర గేదెలు దిగే చోటు ఒకటి విడిగా వదిలెయ్యండి. లేకపోతే మీరు నాటినవన్నీ వాటి మధ్యాహ్న భోజనం.

ఇప్పుడు కాస్త ఇబ్బందికరమైన మాట. చెరువు పాట. ఏటా చేపలకి వేలం వేస్తున్నారు, పంచాయతీకి డబ్బు కావాలి, కాదనను. పాట పాడినవాడు ఏం చేస్తాడు? చేప త్వరగా ఎదగాలని చెరువులో పేడా, కోళ్లపెంటా, సూపర్ ఫాస్ఫేటూ వేస్తాడు. నీళ్లు పచ్చబడితేనే అతనికి లాభం. అతని తప్పేం లేదు, డబ్బు కట్టాడు. మనం ఒక పక్క భాస్వరం తియ్యడానికి గడ్డి కోస్తూ, ఇంకో పక్క భాస్వరం పొయ్యడానికి పాట పాడిస్తే ఎలా? పైగా అతను గడ్డిచేప పిల్లలు వదిలాడంటే తెప్పల వేళ్లు కిందనుంచి కొరికేస్తుంది. కోత గడ్డి దానికి మేతగా వెయ్యచ్చు కదా అంటారు కొందరు. వేస్తే అది మళ్లీ పేడగా చెరువులోనే పడుతుంది. పాట షరతుల్లో మూడు చేర్చండి: ఎరువు, పెంట వెయ్యకూడదు, గడ్డిచేప వదలకూడదు, తెప్పల జోలికి రాకూడదు. పాట కొంచెం తగ్గుతుంది. ఎంత తగ్గినా పర్వాలేదో, ఎంతకైతే కుదరదో సభలోనే తేల్చుకోండి.

పనులు మొదలుపెట్టే అదను, దాళ్వా కోతలై కాలవలు కట్టేసే రోజులు. చెరువు అడుగంటుతుంది కాబట్టి ముందు పూడిక తియ్యండి. ఏళ్ల తరబడి చేరిన భాస్వరం ఆ నల్లబురదలోనే ఉంది. వెనకటివాళ్లు ఆ మట్టిని బళ్లకెత్తి చేలకి తోలుకునేవాళ్లు. అప్పుడే మడి కట్టి, కాలవ వదిలాక నాటితే సార్వా, అంటే ఖరీఫ్, వానలకి వేళ్లు పట్టుకుంటాయి.

నీళ్లు బాగవుతున్నాయో లేదో తెలుసుకోవడానికి హైదరాబాద్ పంపక్కర్లేదు. రొయ్యల నీళ్లు చూసే ల్యాబులో ఈ నీళ్లూ చూస్తారు. స్నానానికి పనికొచ్చే నీళ్లకి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన హద్దు ప్రకారం లీటరుకి ఆక్సిజన్ అయిదు మిల్లీగ్రాములకి తగ్గకూడదు. తెల్లవారుజామున పట్టిన నీళ్లు ఇవ్వండి, మధ్యాహ్నం పట్టినవి అబద్ధం చెబుతాయి. ఇంట్లో అయితే తెల్ల పళ్లేనికి తాడుకట్టి దించి, ఎంత లోతులో కనబడకుండా పోతోందో నెలనెలా స్కూలు పిల్లల చేత రాయించండి.

కోత దగ్గర ఆగుతాను. రెండు మూడు నెలలకొకసారి తెప్పల మీద గడ్డి కొయ్యాలి, వేళ్లు వదిలేసి పైభాగమే. వట్టివేరు లేత ఆకు గేదెలకి పనికొస్తుంది, ముదిరింది కొబ్బరిచెట్ల మొదళ్లకి కప్పుకోవచ్చు. మడిలోని జమ్ము, మెట్టతామర కంపోస్టుకి. కూలి ఎవరిస్తారు, పడవ ఎవరిది, గడ్డి ఎవరు పట్టుకెళతారు అన్న మూడింటికీ పేర్లు ఇవాళే పుస్తకంలో రాయండి. పేర్లు రాయలేకపోతే తెప్పలు కట్టొద్దు, మురుగు మూల మడి ఒక్కటే కట్టుకోండి, అది నయం.

ఇక మీరడగండి. ముందు సెక్రటరీ గారు ఒకటి చెప్పాలి, ఈ ఏటి పాట ఎప్పుడండీ?